పాఠశాల సామాజిక కార్యకర్తగా పనిచేయాలంటే ఏ చదువు, ఏ శిక్షణ, ఏ గుర్తింపు కావాలి?

వానచినుకు (గుంటూరు జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఎం.ఎస్‌.డబ్ల్యూ., అంటే సోషల్ వర్క్‌లో పీజీ, రెండో సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీలో నాది ఆర్థికశాస్త్రం. మొదటి సంవత్సరం ఫీల్డ్ వర్క్ కోసం మా విభాగం వారు నన్ను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు పంపించారు. తోటి విద్యార్థులు చాలామంది ఆసుపత్రుల వైపో, కంపెనీల హెచ్‌.ఆర్‌. విభాగాల వైపో చూస్తున్నారు. నాకు మాత్రం బడికీ ఇంటికీ మధ్య జరగవలసిన పనిలోనే స్థిరపడాలని ఉంది.

చిక్కు ఏమిటంటే, ఉద్యోగ ప్రకటనలలో ‘స్కూల్ సోషల్ వర్కర్’ అన్న పేరు నాకు ఎక్కడా కనబడటం లేదు. కనబడేవన్నీ కౌన్సెలర్ ఉద్యోగాలు, వాటికేమో సైకాలజీ అడుగుతున్నారు. ఎం.ఎస్‌.డబ్ల్యూ. ఒక్కటీ సరిపోతుందా, దానిమీద డిప్లొమా ఏదైనా చేయాలా, ఎం.ఫిల్‌. వంటిది అవసరమా? ఇంకొక సంగతి. మా అక్క కుటుంబం న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడ ఈ పనికి ప్రభుత్వమే సర్టిఫికెట్ ఇస్తుందని అక్క చెప్పింది. మన డిగ్రీ అక్కడ చెల్లుతుందో లేదో తెలిసినవారు చెప్పగలరు. ఇప్పుడే వెళ్లే ఆలోచన లేదు గానీ, ఇక్కడ చదువుతుండగానే జాగ్రత్త పడవలసినది ఏదైనా ఉంటే తెలుసుకుందామని అడుగుతున్నాను.

ఫీల్డ్‌డైరీ (హైదరాబాద్, సోషల్ వర్క్ అధ్యాపకుడు)

వానచినుకు గారూ, మీరు సరిగానే వెతికారు, ఆ పేరుతో పోస్టులే అరుదు. మన దేశంలో ఈ వృత్తికి చట్టబద్ధమైన మండలి లేదు. వైద్యులకు జాతీయ వైద్య కమిషన్ ఉంది, ఉపాధ్యాయ విద్యకు ఎన్‌.సి.టి.ఇ. ఉంది, ప్రత్యేక ఉపాధ్యాయులకు ఆర్‌.సి.ఐ., అంటే భారత పునరావాస మండలి, ఉంది. 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరుతో మొదటి సోషల్ వర్క్ విద్యాలయం, అంటే నేటి టిస్, మొదలై ఇన్ని దశాబ్దాలు గడిచినా, సోషల్ వర్కర్ల పేర్లు నమోదు చేసుకొని లైసెన్సు ఇచ్చే సంస్థ మాత్రం ఏర్పడలేదు. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం సోషల్ వర్కర్లను తన పట్టికలో చేర్చుకుంది గానీ, అందులో పేర్కొన్నది క్లినికల్, సైకియాట్రిక్, మెడికల్ సోషల్ వర్కర్లను. బడి ఊసు అందులో లేదు.

జాతీయ విద్యా విధానం 2020 కొంత నయం. బడి ఈడు పిల్లలందరూ బడిలో ఉండేలా, చదువుకునేలా చూడటానికి కౌన్సెలర్లు లేదా సుశిక్షితులైన సోషల్ వర్కర్లు పాఠశాలలతో, పాఠశాల సముదాయాలతో అనుసంధానమై తల్లిదండ్రులతోనూ ఊరివారితోనూ నిరంతరం పనిచేయాలని అందులో రాశారు. విధానపత్రంలో ఒక వాక్యం ఉండటానికీ, ఆర్థిక శాఖ ఒక పోస్టు మంజూరు చేయడానికీ ఎంత దూరమో ప్రభుత్వ ఉద్యోగులకు వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి ఇక్కడ మీ అర్హత మీ డిగ్రీయే. యూజీసీ గుర్తించిన విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఎం.ఎస్‌.డబ్ల్యూ. ఉంటే, ఈ పని చేయనిచ్చే సంస్థలేవో తెలుసుకోవడమే మిగిలినది. జిల్లా బాలల సంరక్షణ విభాగాలు, స్వచ్ఛంద సంస్థల విద్యా కార్యక్రమాలు, కొన్ని ప్రైవేటు పాఠశాలలు అటువంటివి. వీటిలో ఒక్కొక్కరు ఒక్కొక్క పేరుతో పిలుస్తారు, ఒక్కొక్క రకం కాగితం అడుగుతారు.

కౌన్సెలింగ్‌గది (విశాఖపట్నం)

నేను ఒక సి.బి.ఎస్‌.ఇ. పాఠశాలలో కౌన్సెలర్‌ను. నాది ఎం.ఎస్సీ. సైకాలజీ. అధ్యాపకులవారు చెప్పిన ప్రైవేటు పాఠశాలల సంగతి కొంచెం వివరంగా చెప్తాను. సి.బి.ఎస్‌.ఇ. 2018లో తెచ్చిన అనుబంధ నియమావళి ప్రకారం సెకండరీ, సీనియర్ సెకండరీ పాఠశాలలు ‘కౌన్సెలర్ అండ్ వెల్‌నెస్ టీచర్’ను నియమించుకోవాలి. ఆ నియామకానికి సైకాలజీలో డిగ్రీ లేదా పీజీ ఉండాలి, లేదా శిశు వికాసంలో పీజీ ఉండాలి, లేదా ఏదైనా డిగ్రీతో పాటు కెరీర్ గైడెన్స్, కౌన్సెలింగ్‌లో డిప్లొమా ఉండాలి అని అది వచ్చినప్పుడు రాశారు. ఈ నియమావళికి సవరణలు వస్తూనే ఉంటాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజున అమలులో ఉన్న సర్క్యులర్ చూసుకోండి. అయితే తనిఖీకి వచ్చే బృందం ముందు ప్రిన్సిపాల్ చూపించవలసినది ఈ కాగితాలనే కాబట్టి, ఎం.ఎస్‌.డబ్ల్యూ. ఒక్కదానితో వెళ్తే చాలాచోట్ల ‘డిప్లొమా ఉందా అమ్మా?’ అని అడుగుతారు.

మరొక మాట, ఎవరూ నొచ్చుకోవద్దు. ఆత్మహత్య ఆలోచన ఉన్న పదో తరగతి విద్యార్థితో కూర్చొని మాట్లాడటానికి రెండేళ్ల ఎం.ఎస్‌.డబ్ల్యూ.లో చదివే ఒకటి రెండు కౌన్సెలింగ్ పేపర్లు చాలవని నా అభిప్రాయం.

నల్లబల్ల (నల్లగొండ జిల్లా, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు)

కౌన్సెలింగ్‌గది గారి మాటతో నాకు తగవు లేదు. కాని మా బడికి కావలసిన మనిషి వేరు. మా పిల్లలలో ఎక్కువమంది గదిలో కూర్చొని చెప్పుకొనే బాధతో నా దగ్గరకు రారు. అసలు బడికే రారు. తొమ్మిదో తరగతి అమ్మాయి సంక్రాంతి సెలవుల తరువాత కనబడకపోతే, పెళ్లి మాటలు నడుస్తున్నాయా, పత్తి ఏరడానికి తీసుకుపోయారా, ఇంట్లో తల్లికి జబ్బు చేసి చెల్లెలిని చూసుకుంటున్నదా అన్నది ఎవరో ఒకరు వెళ్లి కనుక్కోవాలి. మా ఉపాధ్యాయులు వెళ్తారు, వెళ్లలేదని అనను. అయితే సిలబస్, పరీక్షలు, ఆన్‌లైన్‌లో నింపవలసిన వివరాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు అన్నీ ముగిసిన తరువాత మిగిలే సమయంలో వెళ్తారు. వెళ్లినా, బాల్యవివాహం సంగతి ఐ.సి.డి.ఎస్‌. సి.డి.పి.ఓ.కు, అంటే శిశు అభివృద్ధి పథకం అధికారికి, ఎలా రాసివ్వాలి, రాసిచ్చిన తరువాత ఆ ఇంటితో బడికి ఉన్న సంబంధం తెగిపోకుండా ఎలా నిలుపుకోవాలి అన్నది మాకు బి.ఎడ్‌.లో ఎవరూ నేర్పలేదు.

మా బడికి ఎం.ఎస్‌.డబ్ల్యూ. విద్యార్థులు ఫీల్డ్ వర్క్‌కు వస్తుంటారు. కొందరు గోడమీద పోస్టర్లు అంటించి, పరిశుభ్రత మీద ఒక ఉపన్యాసం ఇచ్చి, నా సంతకం తీసుకొని వెళ్తారు. ఇంకొందరు హాజరు పట్టీ అడిగి తీసుకొని, వరుసగా మానేసినవారి పేర్లు రాసుకొని, సాయంత్రం ఆ ఇళ్లకు వెళ్తారు. ఏ డిప్లొమా ఉందని నన్ను అడిగితే నాకు తెలియదు గానీ, ఈ రెండో రకం వారు నా బడిలో ఉంటే బాగుండునని మాత్రం చెప్పగలను.

ఫీల్డ్‌డైరీ

హెచ్‌.ఎం. గారు అసలు విషయానికి తీసుకొచ్చారు. ఈ పనికి శిక్షణ అంటే నా దృష్టిలో ముప్పాతిక భాగం ఫీల్డ్ వర్కే. మన విశ్వవిద్యాలయాలలో వారానికి రెండు రోజులు క్షేత్రానికి వెళ్లడం, వెళ్లివచ్చిన తరువాత రికార్డు రాయడం, అధ్యాపకునితో ఐ.సి., జి.సి., అంటే విడివిడిగానూ బృందంగానూ చర్చించడం, చివర బ్లాక్ ప్లేస్‌మెంట్, అంటే కొన్ని వారాలు వరుసగా ఒకే చోట పనిచేయడం, అన్నది పద్ధతి. ఆ పద్ధతి ఎక్కడ సరిగా నడుస్తుందో అక్కడ చదివినవారికీ, సంతకాలతో సరిపెట్టే చోట చదివినవారికీ సర్టిఫికెట్ మీద తేడా కనబడదు, పనిలో మొదటి నెలలోనే కనబడుతుంది. ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాలలో, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్ రోడా మిస్త్రీ కళాశాలలో ఎం.ఎస్‌.డబ్ల్యూ. ఉన్నది. దూరవిద్యలో ఇగ్నో ఉన్నది, దానిలోనూ ఫీల్డ్ వర్క్ తప్పనిసరి. ఎక్కడ చేరాలని ఎవరు అడిగినా నేను ఇచ్చే సలహా ఒకటే. ఫీజు, హాస్టల్ వివరాలు అడిగిన తరువాత, ఒక్కొక్క ఫీల్డ్ వర్క్ సూపర్‌వైజరు కింద ఎంతమంది విద్యార్థులు ఉంటారో కూడా అడగండి.

రెండో సంవత్సరంలో ఉన్నవారికి బ్లాక్ ప్లేస్‌మెంట్ ఇంకా చేతిలో ఉంటుంది. వానచినుకు గారూ, దానిని మాత్రం దగ్గరలో ఉన్నదని ఏదో ఒక చోట వేయించుకోకండి.

తుంగభద్ర (కర్నూలు జిల్లా)

బ్లాక్ ప్లేస్‌మెంట్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. నేను జిల్లా బాలల సంరక్షణ విభాగంలో సోషల్ వర్కర్‌గా కాంట్రాక్టు పద్ధతిలో పనిచేశాను. కేంద్రం బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద ప్రతి జిల్లా విభాగంలోనూ జిల్లా బాలల సంరక్షణ అధికారితో పాటు ప్రొటెక్షన్ ఆఫీసర్లు, లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్, కౌన్సెలర్, సోషల్ వర్కర్, అవుట్‌రీచ్ వర్కర్ పోస్టులు ఉంటాయి. బడి పేరు లేకపోయినా, ప్రభుత్వ వ్యవస్థలో మన డిగ్రీ పేరు పెట్టి పిలిచే ఉద్యోగాలు ఇవి. జీతం తక్కువ, రెన్యువల్ ఎప్పుడూ అనుమానమే. అయినా ఈ పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

మా పడమటి మండలాలు, కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు, పంటలు పోయిన సంవత్సరం కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప కోతలకు కదిలిపోతాయి. పిల్లలు వెంట వెళ్తారు. సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టళ్లలో పిల్లలను ఉంచి వెళ్లమని తల్లిదండ్రులను ఒప్పించాలి. వెళ్లిపోయిన పిల్లలను అక్కడి బడిలో చేర్పించాలి. ఈ రెండూ పూర్తిగా సోషల్ వర్కే. టి.సి. లేదని ఏ బడీ చేర్చుకోవడం ఆపకూడదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షనూ, వయసు ధ్రువపత్రం లేదని నిరాకరించకూడదని 14వ సెక్షనూ చెప్తున్నాయి. ఈ రెండు సెక్షన్లు నోటికి వచ్చిన విద్యార్థి ఒక ఊళ్లో ఎంత పని చేయగలడో నేను చూశాను. వానచినుకు గారిది గుంటూరు జిల్లాయే కాబట్టి, ఆ పిల్లలు వచ్చి చేరే చివర ఆమె ఉన్నారు.

కౌన్సెలింగ్‌గది

తుంగభద్ర గారు చట్టాల మాట ఎత్తారు కాబట్టి ఇంకొకటి కలుపుతాను. పోక్సో చట్టం 2012లోని 19వ సెక్షన్ ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని, జరగవచ్చని తెలిసిన ఎవరైనా ప్రత్యేక జువెనైల్ పోలీసు యూనిట్‌కు గాని స్థానిక పోలీసులకు గాని తెలియజేయాలి. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, సంస్థ బాధ్యుడైతే ఏడాది వరకు. ‘ఎవరికీ చెప్పనని మాట ఇస్తేనే చెప్తాను మేడం’ అని పిల్లలు అంటారు. ఆ మాట ఇవ్వకూడదని, ఇవ్వకుండానే వారి నమ్మకం పోగొట్టుకోకుండా ఎలా మాట్లాడాలో మా కోర్సులోనూ సరిగా నేర్పలేదు, మీ కోర్సులోనూ నేర్పుతున్నారని అనుకోను. దీన్ని ప్లేస్‌మెంట్‌లో అనుభవజ్ఞుల పక్కన కూర్చొని నేర్చుకోవలసిందే.

వానచినుకు

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. తుంగభద్ర గారూ, మిరప కోతల కాలంలో మా వైపు గుడారాలు చూస్తూనే ఉంటాను గానీ, వాటి మధ్య ప్లేస్‌మెంట్ చేయవచ్చని తోచలేదు. మా సూపర్‌వైజరు గారితో మాట్లాడతాను.

కౌన్సెలింగ్‌గది గారూ, మీరు చెప్పిన డిప్లొమాల విషయంలో నాకు స్పష్టత కావాలి. ఆన్‌లైన్‌లో చూస్తే వారాంతపు కోర్సులు, మూడు నెలల సర్టిఫికెట్లు లెక్కలేనన్ని కనబడుతున్నాయి. ఒక సంస్థ వారైతే ఫోన్ చేసి, ఈ రోజే చేరితే ఫీజులో సగం తగ్గిస్తామన్నారు.

కౌన్సెలింగ్‌గది

అటువంటి ఫోను వచ్చినప్పుడు, ‘మీ డిప్లొమాను ఏ విశ్వవిద్యాలయం లేదా ఏ ప్రభుత్వ సంస్థ ఇస్తుంది?’ అని అడిగి చూడండి. సగం మంది అక్కడే పెట్టేస్తారు.

మీకు తగినది ఎన్‌.సి.ఇ.ఆర్‌.టి. వారి డిప్లొమా కోర్స్ ఇన్ గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్. ప్రధానంగా పనిలో ఉన్న ఉపాధ్యాయుల కోసం పెట్టినదే అయినా, సైకాలజీ, ఎడ్యుకేషన్, సోషల్ వర్క్, శిశు వికాసం, ప్రత్యేక విద్యలలో పీజీ చేసినవారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఏడాది కోర్సు. ఆరు నెలలు దూరవిద్యగా, మూడు నెలలు కేంద్రంలో ముఖాముఖిగా, చివరి మూడు నెలలు సొంత ఊరిలో ఇంటర్న్‌షిప్‌గా ఉంటుంది. మన దక్షిణాది వారికి మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ కేంద్రం. సంబంధిత అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం ఇస్తారు కాబట్టి, ఎం.ఎస్‌.డబ్ల్యూ. అయిన వెంటనే కంటే ఒక ఏడాది పనిచేసి వెళ్తే మంచిది. ఇది ఉంటే నేను ముందు చెప్పిన నియమావళిలోని మూడో దారి మీకు తెరుచుకుంటుంది.

ఫీల్డ్‌డైరీ

ఈ సలహాతో ఏకీభవిస్తున్నాను. ఎం.ఫిల్‌. ప్రశ్న మిగిలిపోయింది కాబట్టి అదీ ముగిస్తాను. మీరు విన్నది సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్‌. అయి ఉంటుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో ‘సైకియాట్రిక్ సోషల్ వర్కర్’ అంటే సోషల్ వర్క్‌లో పీజీతో పాటు, పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ ఉన్న రెండేళ్ల పూర్తికాలపు ఎం.ఫిల్‌. చేసినవారని నిర్వచించారు. బెంగళూరు నిమ్‌హాన్స్ ఈ శిక్షణకు పేరుపొందినది. జాతీయ విద్యా విధానం వచ్చాక ఎం.ఫిల్‌.లను ఆపివేసినా, దీనికీ క్లినికల్ సైకాలజీకీ మాత్రం 2025-26 వరకు ప్రవేశాలకు యూజీసీ గడువు పొడిగించింది. ఆపైన చేరదలచినవారు ఆ సంస్థల తాజా ప్రకటన చూసుకోవాలి. ఇది ఆసుపత్రి వైపు తీసుకెళ్లే దారి. బడిలో పనిచేయడానికి దీన్ని షరతుగా ఎవరూ పెట్టరు. పిల్లల మానసిక వైద్య విభాగంలో పనిచేసి ఆ తరువాత బడుల వైపు రావాలని ఎవరికైనా ఉంటే వారికి మాత్రం రెండేళ్లు వృథా కావు.

నల్లబల్ల

ఒక చిన్న సందేహం. మా మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు ఐ.ఇ.ఆర్‌.పి.లు, అంటే సహిత విద్య రిసోర్స్ పర్సన్లు, ఉన్నారు. ఎం.ఎస్‌.డబ్ల్యూ. వారు ఆ పోస్టులకు అర్హులవుతారా?

తుంగభద్ర

కారు సార్. ఆ పని ప్రత్యేక బి.ఎడ్‌. లేదా డి.ఎడ్‌. చేసి, ఆర్‌.సి.ఐ.లో పేరు నమోదైనవారిది. అయితే వికలాంగ ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి ఎవరు తీసుకెళ్లాలి, పింఛను ఎందుకు ఆగింది, పిల్లవాడిని బడికి మోసుకొచ్చే తల్లికి కూలి పోతున్నదే, దానికేం చేయాలి అన్నవన్నీ ఆ పిల్లల ఇళ్లలోనే ఉంటాయి. అక్కడ సోషల్ వర్కర్‌కు కావలసినంత పని. పోస్టు మాత్రం లేదు.

ఎడిసన్‌కబుర్లు (న్యూజెర్సీ)

ఆలస్యంగా చూశాను. నేను ఇక్కడ ఒక పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో స్కూల్ సోషల్ వర్కర్‌ను. ఎం.ఎస్‌.డబ్ల్యూ. ఇక్కడే చేశాను. వానచినుకు గారి అక్కగారు చెప్పింది నిజమే, కాని ‘అమెరికాలో లైసెన్స్’ అని ఒకటి లేదు. ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క దారి.

న్యూజెర్సీలో రాష్ట్ర విద్యాశాఖ ‘ఎడ్యుకేషనల్ సర్వీసెస్ సర్టిఫికెట్’ అని ఒకటి ఇస్తుంది, దానిలో స్కూల్ సోషల్ వర్కర్ ఎండార్స్‌మెంట్ తీసుకోవాలి. నేర చరిత్ర తనిఖీకి వేలిముద్రలు ఇవ్వాలి. ఇక్కడ ప్రతి డిస్ట్రిక్ట్‌కూ చైల్డ్ స్టడీ టీమ్ ఉంటుంది. అందులో స్కూల్ సైకాలజిస్ట్, లెర్నింగ్ కన్సల్టెంట్, స్కూల్ సోషల్ వర్కర్ ముగ్గురూ ఉంటారు. ఒక పిల్లవాడికి ప్రత్యేక విద్య అవసరమా అన్నది తేల్చేటప్పుడు సైకాలజిస్ట్ పరీక్షలు పెడతారు, నేను తల్లిదండ్రులతో మాట్లాడి సోషల్ హిస్టరీ రాస్తాను. పుట్టినప్పటి సంగతులు, ఇంట్లో ఏ భాష, ఎవరు పెంచారు, ఎన్ని బడులు మారారు వంటివన్నీ అందులోకి వస్తాయి. మన తెలుగు కుటుంబాలలో పిల్లవాడు మొదటి రెండు మూడేళ్లు అమ్మమ్మ దగ్గర ఊళ్లో పెరిగి, తరువాత ఇక్కడికి రావడం సాధారణం కదా. మాటలు ఆలస్యమయ్యాయని కంగారు పడేవారి ఇంట్లో ఆ వివరం కనుక్కోకుండా రాసే నివేదిక అసంపూర్ణమే. పైన హెచ్‌.ఎం. గారు కావాలన్న మనిషి చేసే పనీ నేను చేసే పనీ మూలంలో ఒకటే. 1906, 1907 ప్రాంతంలో న్యూయార్క్, బోస్టన్, హార్ట్‌ఫర్డ్‌లలో ఈ వృత్తి మొదలైనప్పుడు వారు చేసినదీ ఇళ్లకు వెళ్లి పిల్లల సంగతి కనుక్కోవడమే.

ఇక్కడ ఈ ఉద్యోగం నిలబడి ఉండటానికి కారణం చట్టం. వికలాంగ బాలల విద్యకు సంబంధించిన ఐ.డి.ఇ.ఎ. చట్టం పిల్లలకు ఇవ్వవలసిన అనుబంధ సేవలలో బడిలో సోషల్ వర్క్ సేవలను పేరు పెట్టి చేర్చింది. పాఠశాల విద్యకు సంబంధించిన 2015 నాటి ఎస్సా చట్టం కూడా స్కూల్ సోషల్ వర్కర్లను ప్రత్యేక బోధనా సహాయక సిబ్బందిలో లెక్కించింది. చట్టంలో పేరు ఉంటే బడ్జెట్‌లో చోటు దొరుకుతుంది.

ప్లానోగోదారి (టెక్సస్)

ఎడిసన్‌కబుర్లు గారి మాటకు తోడుగా మా రాష్ట్రం సంగతి. టెక్సస్‌లో విద్యాశాఖ తరఫున ఈ ఉద్యోగానికి వేరే సర్టిఫికెట్ లేదు. రాష్ట్ర బిహేవియరల్ హెల్త్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ కింద సోషల్ వర్క్ లైసెన్సు ఉండాలి. దానికి ఎ.ఎస్‌.డబ్ల్యూ.బి., అంటే సోషల్ వర్క్ లైసెన్సింగ్ బోర్డుల సంఘం, పెట్టే పరీక్ష రాయాలి. ఇల్లినాయ్‌లో అయితే ‘ప్రొఫెషనల్ ఎడ్యుకేటర్ లైసెన్స్’ మీద స్కూల్ సోషల్ వర్క్ ఎండార్స్‌మెంట్, కాలిఫోర్నియాలో ‘ప్యూపిల్ పర్సనెల్ సర్వీసెస్ క్రెడెన్షియల్’. అంటే ఒక రాష్ట్రంలో విద్యాశాఖ తలుపు తట్టాలి, మరొక రాష్ట్రంలో లైసెన్సింగ్ బోర్డు తలుపు. ఇక్కడి సోషల్ వర్కర్ల జాతీయ సంఘం ఎన్‌.ఎ.ఎస్‌.డబ్ల్యూ. ఇచ్చే సి-ఎస్‌.ఎస్‌.డబ్ల్యూ.ఎస్‌. అన్న స్పెషలిస్ట్ గుర్తింపు కూడా ఉంది గానీ, అది ఐచ్ఛికం. రాష్ట్రం అడిగేదానికి బదులుగా అది పనికిరాదు.

నేను మన దగ్గర ఎం.ఎస్‌.డబ్ల్యూ. చేసి హెచ్‌-4 మీద, అంటే హెచ్‌-1బి ఉద్యోగి కుటుంబ సభ్యులకు ఇచ్చే వీసా మీద, వచ్చినదాన్ని. మన డిగ్రీ వృథా పోదు, కాని నేరుగానూ చెల్లదు. ఇక్కడి సోషల్ వర్క్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సి.ఎస్‌.డబ్ల్యూ.ఇ. అనే మండలి, విదేశీ డిగ్రీలను మదింపు చేసి ఇక్కడి డిగ్రీకి సమానమా కాదా చెప్పే సేవను నడుపుతుంది. మామూలు డిగ్రీ మదింపు సంస్థల నివేదిక దీనికి చాలదు. ఇక్కడి ఎం.ఎస్‌.డబ్ల్యూ.లో కనీసం 900 గంటల ఫీల్డ్ వర్క్ ఉండాలన్నది ఆ మండలి నియమం కాబట్టి, మన ఫీల్డ్ వర్క్ ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో జరిగింది అన్నవి చూపించగలగాలి. నా మార్కుల జాబితాలో ‘ఫీల్డ్ వర్క్’ అని ఒక్క గీత, దాని పక్కన మార్కులు ఉన్నాయి, అంతే. చదివి ఏళ్లు గడిచిన తరువాత గంటల వివరం కావాలని విభాగానికి రాస్తే, అప్పటి సూపర్‌వైజర్లు పదవీ విరమణ చేశారని, రికార్డులు దొరకడం లేదని జవాబు వచ్చింది.

వానచినుకు గారు ఇప్పుడే జాగ్రత్త పడవలసినది ఏదైనా ఉందా అని అడిగారు కదా, నా మట్టుకు ఇదే ఆ జాగ్రత్త.

ఎడిసన్‌కబుర్లు

ప్లానోగోదారి గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. హెచ్‌-4 మీద ఉన్నవారికి ఇంకొకటి. చదువుకోవడానికి ఆటంకం లేదు గానీ, ఉద్యోగానికి ఇ.ఎ.డి., అంటే పని అనుమతి పత్రం, ఉండాలి. 2015 నుంచి, భర్త లేదా భార్య హెచ్‌-1బి మీద ఉండి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం పెట్టే దరఖాస్తు) ఆమోదం పొందిన సందర్భాలలో అది ఇస్తున్నారు. కొన్ని ఫీల్డ్ ప్లేస్‌మెంట్‌లకు స్టైపెండ్ ఇస్తారు. అది జీతం కిందికి వస్తుందేమో విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని ముందే అడిగి ఒప్పుకోవాలి.

కౌన్సెలింగ్‌గది

ఇదంతా చదువుతుంటే ఒక సంగతి తోస్తున్నది. న్యూజెర్సీలో సైకాలజిస్ట్, సోషల్ వర్కర్ ఇద్దరూ ఒకే బృందంలో చెరొక పని చేస్తున్నారు. మన దగ్గర ఉన్న ఒక్క పోస్టు కోసం మన రెండు శాఖల వారం ఎవరు అర్హులని వాదించుకుంటున్నాం. ఆత్మహత్య ఆలోచన ఉన్న విద్యార్థి విషయంలో నా మాట వెనక్కి తీసుకోను. అయితే ఆ విద్యార్థి ఇంటికి వెళ్లవలసి వచ్చినప్పుడు నాతో పాటు ఒక సోషల్ వర్కర్ ఉంటే బాగుండునని అనుకున్న సందర్భాలు నాకూ ఉన్నాయి.

నల్లబల్ల

ఇద్దరినీ మంజూరు చేస్తే మేము వద్దంటామా మేడం!

ఫీల్డ్‌డైరీ

వానచినుకు గారికి గంటల ధ్రువపత్రం గురించి రాసిపెడుతున్నాను, మా విద్యార్థులకు నేను ఇచ్చేది ఇదే పద్ధతిలో. ప్రతి సెమిస్టర్ ముగిసిన వెంటనే విభాగం లెటర్‌హెడ్ మీద తీసుకోండి, రెండేళ్లూ అయిన తరువాత ఒకేసారి తీసుకోవచ్చని ఊరుకోవద్దు. అందులో సంస్థ పేరు, ఊరు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, మొత్తం ఎన్ని గంటలు, మీరు చేసిన పని నాలుగు వాక్యాలలో, క్షేత్రంలో పర్యవేక్షించినవారి పేరు, విద్యార్హత, విభాగంలో పర్యవేక్షించిన అధ్యాపకుని పేరు, విద్యార్హత ఉండాలి. బ్లాక్ ప్లేస్‌మెంట్‌కు విడిగా మరొకటి. మీ ప్రాసెస్ రికార్డులలో పిల్లల పేర్లు, ఊర్లు ఉంటే వాటిని కొట్టివేసి మాత్రమే దాచుకోండి. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్, పోక్సో 23వ సెక్షన్ పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని చెప్పేది ముఖ్యంగా ప్రచార మాధ్యమాలను ఉద్దేశించి అయినా, మనం దాచుకొనే కాగితాల విషయంలోనూ అదే కట్టుబాటు పాటించడం మంచిది.

వానచినుకు

మా సూపర్‌వైజరు గారితో మాట్లాడాను. మిరప కోతల పిల్లల మధ్య బ్లాక్ ప్లేస్‌మెంట్‌కు ఒప్పుకున్నారు, అయితే జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి అనుమతి పత్రం నేనే తెచ్చుకోవాలన్నారు. మొదటి సంవత్సరం గంటల ధ్రువపత్రానికి కూడా దరఖాస్తు ఇచ్చాను. తుంగభద్ర గారూ, అనుమతి కోసం నేరుగా జిల్లా అధికారిని కలవాలా, విభాగం ద్వారా ఉత్తరం పంపాలా?

తుంగభద్ర

రెండూ చేయండి అమ్మా. విభాగం నుంచి జిల్లా బాలల సంరక్షణ అధికారి పేరున ఉత్తరం, దాని నకలు జిల్లా విద్యాశాఖాధికారికి, సమగ్ర శిక్ష కార్యాలయానికి. నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకొని, అది పట్టుకొని మీరే వెళ్లి కలవండి. సోమవారం మాత్రం వద్దు, ఆ రోజు కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ ఉంటుంది, అధికారులు అందరూ అక్కడే ఉంటారు. మీరు ఏ మండలంలో, ఏ బడి ఆధారంగా పనిచేయదలచారో ముందే ఆ ప్రధానోపాధ్యాయుని అంగీకారం కాగితం మీద తీసుకొని జతచేస్తే అనుమతి త్వరగా వస్తుంది.